రెండు తీగల స్విచ్చి

కర్నూలులోని ఆఫీసులన్నీ హైదరాబాదుకు తరలినప్పుడు శ్రీరామమూర్తి కూడా ఫైళ్ళ పెట్టెల వెంట వచ్చి నాంపల్లి స్టేషన్లో దిగాడు. ఏడాది పాటు హోటలు మెతుకులు తిన్నాడు. స్టేషను వెనక సందులో అనసూయమ్మగారింట్లో మూడు గదుల వాటా దొరికాక బాపట్ల వెళ్ళి తల్లి కోటేశ్వరమ్మనూ, భార్య కమలకుమారినీ తెచ్చుకున్నాడు. నైజాం కాలంనాటి ఇల్లు. మూరెడు మందం గోడలు, కింద షాబాదు బండలు. మధ్య గదికి కిటికీ లేదు. దేవుడి గూడు అక్కడే ఉందని కోటేశ్వరమ్మ ఆ గదే కావాలంది.

ఆవిడది తెల్లవారకముందే లేచే అలవాటు. నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే వచ్చి దీపం వెలిగించుకుని, మడిబట్ట కట్టుకుని పారాయణకు కూర్చునేది. కంట్లో పొర మొదలైంది. కప్పు ఎక్కడో ఆకాశంలో ఉండటం వల్ల, దానికి వేలాడే బల్బు వెలుతురు కిందికి దిగేసరికి పసుపు నీళ్ళలా పలచబడేది. చదివిన శ్లోకమే చదువుతున్నానా అని ఆవిడకు అనుమానం వస్తూండేది.

కమలకుమారి గన్‌ఫౌండ్రీలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఆమె తండ్రి బెజవాడ పవర్‌హౌసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. మగపిల్లలు లేరు కాబట్టి ఫ్యూజు వెయ్యడం, తీగ ఒలవడం, అతుకు మీద గుడ్డ చుట్టడం కూతురికే నేర్పాడు. "పాము మనల్ని చూసి భయపడి పారిపోతుందమ్మా, కరెంటు పారిపోదు" అనేవాడు. అందుకని కమల కరెంటంటే భయపడేది కాదు, అశ్రద్ధ కూడా చేసేది కాదు. ఫ్యూజు పోతే సందులో వాళ్ళు కూడా ఆమెకే కబురు పెట్టేవారు. "మా కోడలు స్తంభం ఒక్కటే ఎక్కదు, తక్కినవన్నీ చేస్తుంది" అని కోటేశ్వరమ్మ అనసూయమ్మ దగ్గర చెప్పుకుని మురిసిపోయేది.

అరవై ఒకటో సంవత్సరం వేసవి సెలవుల్లో కమల అత్తగారికి చదువుకునే దీపం ఒకటి తనే చెయ్యాలనుకుంది. విరిగిపోయిన టేకు మంచం కోడు ఒకటి అటక మీద ఉంది. నగిషీ పని ఉన్న కోడు. వడ్రంగి చేత దానికి నిలువునా బెజ్జం వేయించింది, కింద ఒక పీట బిగించింది. తన పాత పట్టు పరికిణీ గుడ్డతో గొడుగు కుట్టింది. ఇక మిగిలింది హోల్డరు, స్విచ్చి. వాటికోసం ఆబిడ్స్‌ వెళ్ళింది.

పెద్ద పోస్టాఫీసుకు కొంచెం ఇవతల ఇంద్రసేన కరెంటు సామాన్ల దుకాణం ఉంది. అతను నాలుగు తరాల నుంచి ఆ ఊరివాడు. యాభై దాటాయి. ఏది అడిగినా ఇచ్చి పంపకుండా, దేనికి, ఎక్కడ పెడతారు అని అడిగేవాడు. అది కొందరికి చిరాకు. కమలకు మాత్రం తండ్రి గుర్తొచ్చేవాడు.

ముందుగా అతను ఒక ఇత్తడి హోల్డరు తీశాడు. దాని పక్కనే చిన్న ఇత్తడి చెవి ఉంది. అది తిప్పితే దీపం వెలుగుతుంది, మళ్ళీ తిప్పితే ఆరుతుంది. విడిగా స్విచ్చి అక్కర్లేదు. బంగారంలా మెరుస్తోంది. డ్రాయింగు రూముల వాళ్ళందరూ అదే పట్టుకుపోతున్నారన్నాడు. కమల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన అత్తగారు తడిబట్టతో, తడిచేత్తో, వట్టి కాళ్ళతో బండమీద నిలబడి దీపం వేస్తారని చెప్పింది.

ఇంద్రసేన ఆ హోల్డరును ఆమె చేతిలోంచి తీసుకుని వెనక్కి పెట్టేశాడు.

"అయితే గిది ముట్టకున్రి అమ్మా. లోపల తీగ పోగు ఒక్కటి జరిగినా ఒళ్ళంత కరెంటే."

తరవాత జామకాయలా వేలాడే నల్ల స్విచ్చి చూపించాడు. కమల దాని మర విప్పి చూసింది. లోపల ఒక తీగ మాత్రమే తెగేలా ఉంది, రెండోది తెగకుండా నేరుగా పోతోంది. ఆమె దానివంక చూస్తుండగానే ఇంద్రసేన అడిగాడు.

"మీ ఇంట్ల సాకెట్టు రెండు పుల్లలదా, మూడు పుల్లలదా?"

"రెండేనండీ. పాత ఇల్లు."

"గట్లయితే ప్లగ్గు ఎటు బడితే అటు పోతది. ఇయ్యాల కరెంటొచ్చే తీగ తెగుతది, రేపు ఉల్టా పెడితే ఒట్టి తీగ తెగుతది. దీపం ఆరినట్లే కనపడ్తది గానీ హోల్డరుల కరెంటు గట్లనే కూసోనుంటది."

కింది సొరుగులో వెతికి మూడోది తీశాడు. అగ్గిపెట్టెకు రెండింతలుంది. నల్లగా, మొరటుగా ఉంది. నొక్కితే గట్టిగా టక్కుమంది. అది రెండు తీగల్నీ ఒక్కసారే తెంపుతుంది. ప్లగ్గు ఎటు పెట్టినా ఆరిందంటే ఆరిందే. పైన ఎక్కడా లోహం లేదు, మరల తలలు కూడా లోపలికి దిగి ఉన్నాయి. చూడ్డానికి బాగుండదని ఎవరూ కొనరని, మూడేళ్ళ నుంచి అలాగే పడి ఉందని అన్నాడు. కమల దాన్ని పది పన్నెండుసార్లు నొక్కి చూసి, కరెంటు పారని నల్ల బేకలైటు హోల్డరుతో కలిపి తీసుకుంది.

ఇంటికి వచ్చి ఆ స్విచ్చిని ఒక చెక్కకు బిగించి, చెక్కను గోడకు కొట్టింది. అందులోంచి తీగ దీపానికి వెళ్ళేలా అమర్చింది. చెయ్యి తుడుచుకోకుండా నొక్కవద్దని అత్తగారికి చెప్పింది. మడిలో ఉండగా మైలగుడ్డ ముట్టుకోనని ఆవిడ పేచీ పెట్టింది. అందుకని కమల రోజూ ఒక గుడ్డముక్క తడిపి, మడిబట్టలతోపాటు కర్రతో పై దండెం మీద ఆరేసి, అది ఆవిడకు అందేలా ఏర్పాటు చేసింది. మొదటిరోజు దీపం వెలిగించుకుని పుస్తకం తెరిచిన కోటేశ్వరమ్మ చాలాసేపు చదవలేదు. అక్షరాలనే చూస్తూ కూర్చుంది. తరవాత కోడల్ని పిలిచి, "ఒత్తులు కూడా కనిపిస్తున్నాయే కమలా" అంది.

ఆ దీపం అలా ఆరు నెలలు వెలిగింది.

ఆ ఏడు కార్తీకంలో, ఒక రెండో శనివారం నాడు, శ్రీరామమూర్తి తన ఆఫీసరు సోమయాజులుగారిని సాయంత్రం కాఫీకి పిలిచాడు. ప్రమోషన్ల కాగితాలు ఆయన చేతిలో ఉన్న రోజులవి. కమలకు బడిలో పరీక్షల డ్యూటీ పడింది, కోటేశ్వరమ్మ పురాణం వినడానికి గుడికి వెళ్ళింది. సెలవు కాబట్టి ఇంట్లో ఉన్న శ్రీరామమూర్తి ముందు గదిని నాలుగుసార్లు సర్దాడు. ఎంత సర్దినా ఆ గది అద్దె గదిలాగే కనిపించింది. అప్పుడు అతనికి దీపం గుర్తొచ్చింది. నగిషీ కోడు, పట్టు గొడుగు. కాని ఆ నల్ల హోల్డరు, గోడకున్న ఆ మొరటు స్విచ్చి అందానికి దిష్టి తగిలించినట్టున్నాయి. స్టేషను దగ్గర ఒక దుకాణానికి పోయి మెరిసే ఇత్తడి హోల్డరు కొనుక్కొచ్చాడు. స్విచ్చి దగ్గర తీగ కోసేసి, కూరలు తరిగే కత్తితో కొనలు ఒలిచి, ప్లగ్గూ హోల్డరూ తనే బిగించాడు. జీవితంలో అతను చేసిన మొదటి కరెంటు పని అది. దీపం వెలిగింది. నల్ల స్విచ్చిని మేకుల డబ్బాలో పడేశాడు.

కమల బడినుంచి వచ్చేసరికి సోమయాజులుగారు కుర్చీలో కూర్చుని ఆ దీపాన్నే మెచ్చుకుంటున్నారు. ఎవరు చేశారయ్యా అని అడిగితే శ్రీరామమూర్తి ఇబ్బందిగా నవ్వి, "ఏదో సరదాకండి, ఇంట్లోనే" అన్నాడు. నీలో ఈ కళ కూడా ఉందన్నమాట అని ఆయన అన్నప్పుడు కాదనలేదు. కమల ఇత్తడి చెవిని చూసింది. లోపలికి వెళ్ళి ఉప్మాలోకి పచ్చిమిరపకాయలు తరిగింది.

ఆయన వెళ్ళాక ఆమె భర్తతో, ఆ దీపం అత్తయ్యగారి గదిలోకి పోకూడదు, రేపు పొద్దున్న పాత స్విచ్చి మళ్ళీ బిగిస్తానని చెప్పింది. అతను సరేనన్నాడు. కాని కోటేశ్వరమ్మ పడుకోబోతూ, పొద్దున్నే చదువుకోవాలి, నా దీపం నా గదిలో పెట్టరా అని కొడుకును అడిగింది. అతను తీసుకెళ్ళి పెట్టి, ఇత్తడి చెవి ఎలా తిప్పాలో చూపించి, ప్లగ్గు తోశాడు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న కమలకు అతని అడుగులు వినిపించాయి. వెళ్ళి ఊడదీసి వద్దామా అనుకుంది. పొద్దుటినుంచీ నిలబడి ఉన్న కాళ్ళు లాగుతున్నాయి. రేపు ఆదివారమే, లేవగానే మార్చేద్దాం అనుకుని దీపం సంగతి వదిలేసింది. ఆ అనుకోవడాన్ని మాత్రం తరవాత ఎన్నేళ్ళైనా ఆమె వదిలించుకోలేకపోయింది.

తెల్లవారుజామున చెంబు బండమీద పడి దొర్లిన చప్పుడుకి లేచింది. మధ్య గదిలో కోటేశ్వరమ్మ తడిచీరతో వెల్లకిలా పడి ఉంది. కుడిచెయ్యి గుప్పిటలా ముడుచుకుపోయింది. కమల ముందు సాకెట్టు దగ్గరికి పరుగెత్తి ప్లగ్గు ఊడబెరికింది, ఆ తరవాతే అత్తగారిని ముట్టుకుంది. తండ్రి నేర్పింది అదే. వాకిట్లో ఊడుస్తున్న అనసూయమ్మ తలుపులోంచి చూసింది అది. రిక్షా పిలిచి, దవాఖానకు తీసుకుపోవడానికి సాయం పట్టింది కూడా ఆవిడే.

ప్రాణం దక్కింది. వేళ్ళు రెండు కాలాయి, పడ్డప్పుడు తుంటి ఎముక విరిగింది. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, ఏం ముట్టుకుందని అడిగాడు. కమల భర్తవైపు చూసింది.

"ఇంట్లో చేసిన లాంపండీ. మా ఆవిడ చేసింది" అన్నాడు శ్రీరామమూర్తి.

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. డాక్టరు తలెత్తి కమలను ఒకసారి చూసి, మళ్ళీ రాసుకున్నాడు. స్ట్రెచరు మీద ఉన్న కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి కమల ఆ హోల్డరు విప్పింది. లోపల తీగ కొనలు సరిగా మెలితిప్పలేదు. తల వెంట్రుకంత పోగు ఒకటి బయటికి వచ్చి ఇత్తడికి ఆనుకుని ఉంది. ముందు గదిలో ప్లగ్గు పెట్టినప్పుడు ఆ పోగు ఒట్టి తీగ వైపు పడింది కాబట్టి సాయంత్రం ఎవరికీ ఏమీ కాలేదు. మధ్య గదిలో ప్లగ్గు తిరగబడింది. ఆమె దాన్ని భర్తకు చూపించింది. అతను చూసి, కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. అప్పటికి ఆమెకు అతనిమీద కోపం లేదు. సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అతనే తల్లికి చెప్పేస్తాడనుకుంది.

అతను చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. మూడోనాటికి బాపట్ల నుంచి ఆడపడుచు వెంకటరత్నమ్మ దిగింది. అనసూయమ్మ చూసింది చూసినట్టు చెప్పిన ముక్క ఆవిడ చేతిలో ఇంకో రూపు తొడుక్కుంది. అత్తగారు కింద పడి కొట్టుకుంటుంటే ఈవిడ ముందు ప్లగ్గు చూసుకుందిట, మనిషిని చూడలేదుట. ఆడదానికి మేకులూ సుత్తులూ ఎందుకని వెంకటరత్నమ్మే కమల సామాన్ల సంచిని పాతసామాన్లవాడికి వేసేసింది. దాంతోపాటు మేకుల డబ్బా, దీపం కూడా పోయాయి.

కోటేశ్వరమ్మ నెలన్నర తరవాత ఇంటికి వచ్చింది. ఇక నడవలేదు. కోడల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కమల అనుకునేది. "ఏమే కమలా" అని పిలిచే మనిషి "అమ్మాయీ" అనడం మొదలుపెట్టింది. కమల మంచినీళ్ళు ఇస్తే, అక్కడ పెట్టమ్మా అనేది. కమల గదిలోంచి వెళ్ళాక కూతుర్ని పిలిచి, ఆమె చేత్తో తాగేది. కాలిన చేతికి నూనె రాయడానికి వెళితే చెయ్యి చీరలోకి లాక్కునేది.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు కమల భర్తను నిలదీసింది. ఇప్పటికైనా చెప్పండి అంది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి రైలు పొగ చూస్తూ అన్నాడు.

"అమ్మకి ఉన్న కొడుకుని నేనొక్కణ్ణి. నా చేత్తో ఇలా అయిందని తెలిస్తే ఆవిడ బతకదు. నీ మీదైతే కాస్త కోపం, అంతేగా. కోడలి మీద కోపం ఎక్కడైనా ఉండేదే."

"నేను ఆ దీపం ఎవరి కోసం చేశానండీ?"

అతను కిటికీ రెక్క మూశాడు. సమయం చూసి చెబుతానన్నాడు. ఉగాది వచ్చింది, అతనికి ప్రమోషను వచ్చింది, సమయం రాలేదు.

ఈలోగా సందులో ఇంకో మాట పాకింది. టీచరమ్మ ఆబిడ్స్‌లో ఇంద్రసేన దగ్గర కొన్న స్విచ్చే ముసలమ్మను కొట్టిందని. ఆ మాట ఇంద్రసేన దాకా పోయింది. జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున్న అతను ఒక చిన్న పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు. కోటేశ్వరమ్మను వరండాలో పడక కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. పక్కన శ్రీరామమూర్తి పేపరు చదువుతున్నాడు. ఇంద్రసేన దండం పెట్టి, గోడవారన ఉన్న స్టూలు మీద కూర్చుని, పొట్లం విప్పాడు. కమల కొన్నదానిలాంటి నల్ల స్విచ్చే అది.

అతను కేకలు వెయ్యలేదు. తన దుకాణం పేరు చెడిందని కూడా అనలేదు. స్విచ్చి విప్పి లోపలి భాగాలు చూపిస్తూ, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"పెద్దమ్మా, మీ కోడలు నా దుకాన్ల గంటసేపు నిలబడ్డది. మీరు తడిబట్టతోని వస్తరని చెప్పి, వెతికి వెతికి గిది తీసుకున్నది. గిది కొట్టదు. కొట్టిందంటే వేరేది ఎవరో బిగించిన్రు."

కమల గుమ్మంలో నిలబడి ఉంది. కోటేశ్వరమ్మ ఆ స్విచ్చిని ఎడమచేత్తో పట్టుకుని చూసింది.

"ఎవరు బిగించారు?" అంది.

ఇంద్రసేన కమలవైపు చూశాడు. కమల భర్తవైపు చూసింది. శ్రీరామమూర్తి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేనేనమ్మా. ఆఫీసరుగారు వస్తున్నారని నేనే మార్చాను. కమల వద్దంది."

ఏడు నెలల తరవాత వచ్చిన మాట. కమల గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. కోటేశ్వరమ్మ కొడుకువంక రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ తరవాత ఆవిడ ముఖం మెత్తబడింది. వంకరపోయిన చెయ్యి చాచి అతని తల నిమిరింది.

"నువ్వా? గోడకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాడివి, నువ్వు కరెంటు బిగించావా? పెళ్ళాం మాట పడుతోందని నెత్తిన వేసుకుంటున్నావు. మీ నాన్నా ఇంతే. ఎవరి తప్పైనా నాదేననేవారు."

"నిజమేనమ్మా" అన్నాడతను.

"సరేలే. నాకెవరిమీదా కోపం లేదు. ఇకనించీ ఆ మాట ఎత్తకు."

అతను ఇంకొక్కసారి అంటాడేమోనని కమల చూసింది. అనలేదు. తల దించుకుని తల్లి చేతికింద అలాగే ఉండిపోయాడు. ఆ దించుకున్న ముఖంలో బరువు దిగిన మనిషి సుఖం కనిపించింది ఆమెకు. అప్పుడు మొదటిసారి ఆమెకు అతనిమీద అసహ్యం కలిగింది.

తనే నోరు తెరిచి, "నిజం అదే అత్తయ్యగారూ, నేను చేసింది ఇలా కాదు" అంది. కోటేశ్వరమ్మ ఆమెను చూసింది. కోడలి ముఖంలోకి నేరుగా చూడటం నెలల తరవాత అదే.

"మొగుడి నోట అలా చెప్పించావు, చాలదటమ్మా? ఇప్పుడు నీ నోటితో కూడానా?"

ఇంద్రసేన లేచాడు. స్విచ్చిని మళ్ళీ పొట్లంలో కట్టుకున్నాడు. మెట్లదాకా వచ్చిన కమలతో, నేను రాకపోయినా బాగుండేనేమో అమ్మా అన్నాడు. ఆమె కాఫీ తాగి వెళ్ళమంది. అతను తాగకుండానే వెళ్ళిపోయాడు.

కోటేశ్వరమ్మ ఆ తరవాత నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ ఆవిడకు కొడుకంటే మునుపటికంటే రెండింతలు ప్రేమ. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, వీడు ఎంత మంచివాడో చూడండి, పెళ్ళాం తప్పు తనదని నా ఎదుట ఒప్పుకున్నాడు అని. శ్రీరామమూర్తి అక్కడ ఉంటే లేచి ఇంకో గదిలోకి వెళ్ళేవాడు. అది కూడా వినయం కిందే జమ అయ్యేది. వెంకటరత్నమ్మ వెళ్ళిపోయాక అత్తగారికి ఎత్తిపొయ్యడం, పక్క మార్చడం, తల దువ్వడం అన్నీ కమలే చేసింది. ఇంకెవరూ లేరు కాబట్టి ఆవిడ చేయించుకుంది. పారాయణ మానేసింది. కమల పక్కన కూర్చుని చదివి వినిపిస్తానంటే, వద్దమ్మాయీ, నీకు బడికి ఆలస్యమవుతుంది అనేది.

పోయేముందు మూడు రోజులు ఆవిడకు తెలివి లేదు. ఆ మూడు రోజుల్లో ఎప్పుడైనా "కమలా" అంటుందేమోనని కమల మంచం విడిచి కదలలేదు. ఆవిడ అనలేదు.

పన్నెండోరోజు భోజనాలకు బాపట్ల బంధువులందరూ వచ్చారు. వెంకటరత్నమ్మ పంక్తిలో కూర్చుని ఆ కథ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఇలాంటి మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతమని ఒక ముసలావిడ వడ్డిస్తున్న కమల చెయ్యి పట్టుకుని అంది. శ్రీరామమూర్తి ఎదుటి పంక్తిలో విస్తరి ముందు వంగి కూర్చుని ఉన్నాడు. అన్నీ వినిపిస్తున్నాయి అతనికి.

జనం వెళ్ళాక ఆ సాయంత్రమే కమల అతనితో మాట్లాడింది. వరంగల్లులో ఒక ఆడపిల్లల బడికి బదిలీ అడిగానని, కాగితం వచ్చిందని, సోమవారం చేరాలని చెప్పింది. అతను నిర్ఘాంతపోయాడు. అమ్మ పోయిన ఇంట్లో తనను ఒంటరిగా వదిలి ఎలా వెళతావన్నాడు. చివరికి అతని మనసులో ఉన్నది బయటికి వచ్చింది.

"చెప్పాను కదా కమలా. ఆ రోజు అందరి ముందూ చెప్పాను కదా. ఆవిడ నమ్మకపోతే నేనేం చెయ్యను?"

"చెప్పారు. నమ్మేదాకా చెప్పలేదు."

బయట పందిరి గుంజలు పీకుతున్నవాళ్ళు కూలీ కోసం పిలిస్తే అతను లేచి వెళ్ళాడు. కమల అత్తగారి చీరలు మూట కట్టి అనసూయమ్మకు ఇచ్చి వచ్చి, తన పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.